‘నేరస్థ జాతి’: ఎరుకల సమూహ చరిత్రలో జాతి భావన, వివక్ష

ఉపోద్ఘాతం

తెలుగులో ‘జాతి’ అనే ఒక్క మాట అనేక భావాలను మోస్తున్నది. మానవజాతి, పక్షిజాతి, తెలుగుజాతి, వెనుకబడిన జాతులు, జాతివివక్ష అనే ప్రయోగాలలో ఆ పదం ఒక్కచోట ఒక్కొక్క అర్థాన్నిస్తుంది. సమాజశాస్త్రం వేరుచేసి చూపే ‘రేస్’, ‘ఎత్నిసిటీ’, ‘నేషన్’, ‘ట్రైబ్’ అనే నాలుగు భావనలకూ మనం సందర్భాన్ని బట్టి ఈ ఒక్క పదాన్నే వాడుతున్నాం. తర్కశాస్త్ర పరిభాషలో జాతి అంటే వ్యక్తులందరిలోనూ సమానంగా, నిత్యంగా ఉండే ధర్మం. వ్యక్తి నశించినా జాతి నశించదు. ఈ శాస్త్రార్థం ఒక పాలనా చట్టంలోకి ప్రవేశిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ‘నేరస్థ జాతి’ అనే పదబంధమే తగిన ఉదాహరణ. ఈ పదబంధం ఎరుకల సమూహానికి ఎలా అంటుకున్నదో, దాని వెనుక పనిచేసిన జాతి భావన స్వరూపమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావనల నేపథ్యం

‘రేస్’ అనేది శరీర లక్షణాల ఆధారంగా, పుట్టుకతో వచ్చేదిగా ఊహించిన విభజన. ‘ఎత్నిసిటీ’ భాష, ఆచారం, ఉమ్మడి జ్ఞాపకం ఆధారంగా ఒక సమూహం తనను తాను గుర్తించుకొనే తీరు. స్థూలంగా చెప్పాలంటే మొదటిది ఎక్కువగా బయటివారు పెట్టేది. రెండవది ఎక్కువగా లోపలివారు చెప్పుకొనేది. ఒక సమూహపు వృత్తినో ఆచారాన్నో బయటి అధికారం పట్టుకొని, దానిని పుట్టుకతో వచ్చిన మార్చరాని స్వభావంగా నిర్ణయించినప్పుడు రెండవది మొదటిదిగా మారుతుంది. ఈ ప్రక్రియను ‘జాతీకరణ’ అనవచ్చు. వివక్ష జాతిభేదం నుండి పుడుతుందని సాధారణంగా భావిస్తాం. ఎరుకల చరిత్ర ఈ క్రమం తలకిందులుగా కూడా ఉండవచ్చునని తెలుపుతున్నది.

చట్టానికి పూర్వం ఎరుకలవారు

ఎరుక చెప్పడం వల్ల ఈ సమూహానికి ‘ఎరుకల’ అనే పేరు వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. తమిళ ప్రాంతంలో కొరవలు లేదా కురవలని, కన్నడ ప్రాంతంలో కొరచ, కొరమలని పిలిచే సమూహాలతో వీరికి సంబంధముంది. ఇంట్లో మాట్లాడుకొనే కుర్రు భాష ద్రావిడ కుటుంబానికి చెందినది, తమిళానికి దగ్గరిది. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల వంటి ఉపశాఖల పేర్లు వారు అమ్మిన సరుకును, అల్లిన వెదురు దబ్బలను తెలుపుతున్నాయి. అంటే లోపలివారి విభజన వృత్తిని బట్టి జరిగింది. అందులో నేరం ప్రసక్తి లేదు.

తెలుగు సాహిత్యం కూడా ఈ సమూహాన్ని పరాయిగా చూడలేదు. శ్రీనివాస కల్యాణ గాథలో సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్తాడు. యక్షగానాలలో ఎరుకలసాని ప్రవేశం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టం. అయితే ఈ ఆదరణను సమానత్వంగా భావించరాదు. ఎరుకలసాని గడప దాకా వస్తుంది, జోస్యం చెప్తుంది, బియ్యం పుచ్చుకొని వెళ్తుంది. ఊరికి ఆమె అవసరం ఉన్నది కాని, ఊరిలో ఆమెకు స్థానం లేదు. స్థిరనివాసులకు సంచారులపై ఉన్న ఈ పాత అనుమానం తర్వాత వచ్చిన చట్టానికి సిద్ధంగా దొరికిన నేల అయింది.

ఎరుకలవారు తీరం నుండి గాడిదలపైనా ఎద్దులపైనా ఉప్పును లోపలి ప్రాంతాలకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దం రెండవ సగంలో రైలు మార్గాలు విస్తరించాయి. ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ బిగిసింది. అటవీ చట్టాలు వెదురుకూ పశువుల మేతకూ అడ్డుపడ్డాయి. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ అనే గ్రంథం ఈ వృత్తినాశనానికీ, ‘నేరస్థ’ ముద్రకూ మధ్యనున్న సంబంధాన్ని సవివరంగా చర్చించింది. సరుకుతో తిరిగినంతకాలం వర్తకుడిగా కనిపించిన మనిషి, సరుకు పోయిన తర్వాత పని లేక తిరిగేవాడుగా కనిపించాడు. మారినది అతని స్వభావం కాదు, అతని చుట్టూ ఉన్న ఆర్థిక వ్యవస్థ.

చట్టం నిర్మించిన జాతి

నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తర భారతంలోని కొన్ని ప్రాంతాలలో అమలులోకి వచ్చింది. నాటి సమర్థకుల వాదనలో ఒక ఉపమానం ప్రధానమైనది: నేత పని సాలెవారికి తరతరాలుగా సంక్రమించినట్లే నేరం కూడా కొన్ని కులాలకు వంశపారంపర్యంగా సంక్రమిస్తుందని వారన్నారు. ఇక్కడ ఐరోపా జాతివాదం ఒక్కటే పనిచేయలేదు. కులవృత్తి అనే భారతీయ భావనను ఆధారం చేసుకొని, దానికి వంశపారంపర్య సిద్ధాంతాన్ని జోడించారు. ఏ సమూహాన్నైనా ‘నేరస్థ జాతి’గా ప్రకటించిన తర్వాత ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేదని కూడా చట్టం నిర్దేశించింది.

1911 చట్టం ద్వారా ఈ విధానం మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ప్రకటిత సమూహాల సభ్యుల పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకోవడం, నిర్ణీత సమయాలలో హాజరు వేయించడం, అనుమతి లేకుండా ఊరు దాటనీయకపోవడం, సెటిల్‌మెంట్లలో నిర్బంధించడం దీని ప్రధానాంశాలు. 1924 నాటి చట్టం ఈ నియమాలను క్రోడీకరించింది. దాని ప్రకారం నిర్దిష్ట నేరాలలో రెండవసారి శిక్షపడిన నమోదిత సభ్యునికి కనీసం ఏడేళ్ల జైలు, మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసం. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. ఒకే నేరానికి పుట్టుకను బట్టి వేర్వేరు శిక్షలు విధించడమే సంస్థాగత వివక్ష.

ఇదే కాలంలో మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ కులాలవారీగా ముక్కులనూ తలలనూ కొలిచి, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ను ప్రచురించాడు. అందులో ‘కొరవ’ అనే శీర్షిక కింద ఎరుకలవారి ఆచారాలతో పాటు వారి ‘నేరపద్ధతుల’ను కూడా వర్ణించాడు. పోలీసుల సమాచారం మానవశాస్త్రంగా, మానవశాస్త్రం తిరిగి పోలీసులకు ఆధారంగా మారిన తీరు ఇక్కడ గమనించదగినది.

సంస్కరణలోని వైరుధ్యం

1911 చట్టం తర్వాత కొద్ది సంవత్సరాలలోనే బాపట్ల సమీపంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ నేరాన్ని నయం చేయదగిన జబ్బుగా చూశాడు. పని, ప్రార్థన, క్రమశిక్షణ దానికి చికిత్స. చీరాల పొగాకు కర్మాగారానికి స్టువర్టుపురం నుండి కూలీలు వెళ్లడం ఈ ‘చికిత్స’కు మరో ముఖం.

ఇక్కడొక సైద్ధాంతిక వైరుధ్యం ఉన్నది. నేరం రక్తంలోనే ఉంటే సంస్కరణ అసాధ్యం. సంస్కరణ సాధ్యమైతే నేరం రక్తంలో లేనట్లే. సంస్కర్తలు వంశపారంపర్య సిద్ధాంతాన్ని ఆచరణలో తోసిపుచ్చారు. కాని వ్యక్తిని విచారించకుండా సమూహాన్నంతటినీ సెటిల్‌మెంటులో ఉంచడాన్ని తోసిపుచ్చలేదు. ‘రక్తం’ స్థానంలో ‘పెంపకం’, ‘అలవాటు’, ‘సంస్కృతి’ అనే మాటలు వచ్చాయి, ఫలితం మారలేదు. జాతివివక్షకు జీవశాస్త్ర సిద్ధాంతం తప్పనిసరి కాదని, సంస్కృతి అనే మాట కూడా అదే పని చేయగలదని ఈ ఉదాహరణ నిరూపిస్తున్నది.

రద్దు తర్వాత

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. 1949లో అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం సిఫారసుల తర్వాత 1952 ఆగస్టులో దేశమంతటా రద్దయింది. ఆనాటి ‘నేరస్థ జాతులు’ ‘విముక్త జాతులు’ అయ్యాయి. అయితే మద్రాసులో 1948లోనే అలవాటుపడిన నేరస్థుల చట్టం వచ్చింది. కొత్త చట్టం సమూహాన్ని కాక వ్యక్తిని లక్ష్యంగా పేర్కొన్నది. కాని పాత జాబితాలు చేతిలో ఉన్న వ్యవస్థ దృష్టిలో ఆ వ్యక్తి ఎవరో ముందే తెలుసు. 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘం ఈ తరహా చట్టాలను రద్దు చేయాలని భారతదేశాన్ని కోరింది. జాతివివక్షను నిర్వచించిన 1965 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో వర్ణంతో పాటు ‘వంశం’ అనే పదం కూడా ఉండడం దీనికి ఆధారం.

విముక్తి అనంతరం ఇచ్చిన కొత్త గుర్తింపులు కూడా ‘జాతి’ స్థిరమైనది కాదని తెలుపుతాయి. ఆంధ్ర ప్రాంతంలో ఎరుకలవారు షెడ్యూల్డ్ తెగ. తెలంగాణ ప్రాంతంలో వారికి ఆ గుర్తింపు 1976 సవరణ చట్టం ద్వారా మాత్రమే వచ్చింది. కర్ణాటకలో కొరచ, కొరమలు షెడ్యూల్డ్ కులాలు. తమిళనాడులో కొన్ని కొరవ శాఖలు విముక్త సమూహాల జాబితాలో ఉన్నాయి. పరస్పర సంబంధం గల సమూహాలు రాష్ట్ర సరిహద్దు దాటగానే తెగగా, కులంగా, విముక్త సమూహంగా మారుతున్నాయి.

జాబితాలు మారినా ముద్ర మిగిలింది. స్టువర్టుపురం అనే ఊరిపేరు తెలుగు వాడుకలో దొంగతనానికి పర్యాయపదమయింది. 1991 నాటి ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’ నుండి 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ వరకు చలనచిత్రాలు ఆ పేరును జనం నోళ్లలో నానుతూ ఉంచాయి. ఒక సెటిల్‌మెంటు ఎలా ఏర్పడిందన్న చరిత్ర మరుగున పడి, దాని అపఖ్యాతి మాత్రం ఊరి సహజ లక్షణంగా స్థిరపడింది.

ముగింపు

ఎరుకలవారిపై వివక్షకు వారి జాతి కారణం కాదు. వివక్షే వారిని ఒక ‘జాతి’గా తయారుచేసింది. వృత్తి కోల్పోవడం, సంచారులపై పాత అనుమానం, కులవృత్తి భావన, పాలకుల జాతిశాస్త్రం, సంస్కర్తల సంస్కృతివాదం అన్నీ కలిసి ఈ నిర్మాణాన్ని పూర్తిచేశాయి. పాలకులు నేరాన్ని వ్యక్తి చేసిన క్రియగా కాక, వ్యక్తులందరిలో నిత్యంగా ఉండే జాతిధర్మంగా నిర్ణయించారు. తర్కశాస్త్రంలో జాతికి నాశనం లేనట్లే, ఈ ముద్రకు కూడా చట్టం రద్దుతో నాశనం కలగలేదు.

తెలుగు పరిశోధకులకు ఇందులో ఒక బాధ్యత ఉన్నది. మన సిద్ధాంత గ్రంథాలలో, జానపద విజ్ఞాన వ్యాసాలలో ‘పూర్వం నేరస్థ జాతి అయిన ఎరుకలవారు’ అనే వాక్యం ఇప్పటికీ వర్ణనగా చలామణి అవుతున్నది. ‘ప్రభుత్వం నేరస్థ జాతిగా ప్రకటించిన ఎరుకలవారు’ అన్నప్పుడు కర్త ఎవరో వాక్యంలోనే తెలుస్తుంది. కర్తను కనబడనీయని వాక్యం చరిత్రను స్వభావంగా మారుస్తుంది.