లేఖనములలోని భేదములు – మన విశ్వాసము



కొన్నేండ్ల క్రిందట బెల్లంపల్లి బొగ్గుగనిలో పనిచేయు ఒక యౌవనస్థుడు ఆరాధన పిదప నన్ను అడిగెను: “అయ్యగారూ, యెహోయాకీను రాజైనప్పుడు రెండవ రాజులు 24:8లో పద్దెనిమిదేండ్లు, రెండవ దినవృత్తాంతములు 36:9లో ఎనిమిదేండ్లు. ఏది నిజం?” “గట్ల అనుమానపడొద్దు బిడ్డా” అంటిని. అతడు మరల గుడికి రాలేదు. నేను తరిమినది సందేహమును కాదు, ఆ బిడ్డను.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు 405లో అగస్టీను భక్తుడు యెరోముకు వ్రాయుచు, లేఖనములో చిక్కు కనబడినచో ప్రతిలో తప్పుండవచ్చును, అనువాదకుడు పొరబడి యుండవచ్చును, లేదా తానే గ్రహింపకపోయి యుండవచ్చును అనెను. సువార్తికుల స్వల్పభేదములే వారు కూడబలుకుకొనలేదనుటకు రుజువని క్రిసొస్టొము బోధించెను. మన ఊరి పంచాయితీలోను ఇద్దరు సాక్షులు అక్షరము పొల్లుపోక ఒకటే చెప్పినచో పెద్దలు అనుమానింతురు గదా!

1947 మొదలు కుమ్రాను గుహలలో ప్రాచీన చుట్టలు దొరికెను. మన బైబిలులో గొల్యాతు ఎత్తు ఆరుమూళ్ల జేనెడు. ఒక చుట్టలో నాలుగు మూళ్ల జేనెడు. చేతితో నకలు వ్రాయువారి వలన అంకెలు మారుట సహజము. యెహోయాకీను విషయములోను “పది” అను మాట జారిపోయి యుండవచ్చును. కొన్ని ప్రాచీన ప్రతులలో రెండుచోట్లను పద్దెనిమిదియే యున్నది.

అయితే అన్నియు నకలు తప్పులు కావు. దావీదును జనసంఖ్యకు ప్రేరేపించినది యెహోవా కోపమని రెండవ సమూయేలు 24, సాతాను అని మొదటి దినవృత్తాంతములు 21 చెప్పుచున్నవి. చెరకు పిమ్మటి తరము అదే సంగతిని వేరొక వెలుగులో చూచెను. దేవుడు మనుష్యులను కలములుగా గాక, మనుష్యులుగానే వాడుకొనెను. ప్రేరేపణ అనగా ఇదియేనని నా నమ్మిక.

డెగ్రాంజెస్ దొర, ఆనందరాయరు అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యెను. అప్పటినుండి తెలుగు బైబిలు పలుమారులు సవరింపబడినను వాక్యము పోలేదు. మన తాతముత్తాతలలో అనేకులు చదువురానివారై, చెవులతో విని, రక్షకుని ఎరిగిరి.

ఆ సహోదరుడు ఈ సంచిక చదివినచో మరల రావలెనని కోరుచున్నాను. ఈసారి రెండు గ్రంథములును తెరచి, అతని ప్రక్కన కూర్చుందును.