కొలను మూసే కాలం

న్యూజెర్సీలో లేబర్ డే వెళ్ళిందంటే ఇంటి వెనక ఈతకొలను ఉన్నవాళ్ళందరి నోటా ఒకటే ప్రశ్న, “మీ పూల్ క్లోజ్ చేసేశారా?” అని. వేసవి వస్తే మనవైపు “ఆవకాయ పెట్టేశారా?” అని అడుగుతారు చూడండి, అలాగన్నమాట. మేం మాత్రం నీళ్ళు 65 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడేదాకా ఆగుతాం. వెచ్చటి నీళ్ళ మీద మూత వేస్తే వసంతంలో తీసేసరికి లోపలంతా పచ్చటి పాచే.

ఈ ఏడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. మావారు పైపుల్లోకి గాలి కొట్టడం చూసి, “ఇంత అవస్థ దేనికే? వేసవిలో బావి తోడించి పూడిక తీసినట్టు నీళ్ళన్నీ తోడేసి ఊరుకోరాదూ?” అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. ఒకప్పుడు ఇక్కడా తోడిపోయడమే పద్ధతి.

నార్త్ కరొలైనాలోని బిల్ట్‌మోర్ భవనం 1895లో తయారైంది. దాని నేలమాళిగలో 70,000 గ్యాలన్ల కొలను ఉంది. క్లోరినూ లేదు, వడపోతా లేదు. నీళ్ళు మురికిపడితే పారబోసి మళ్ళీ నింపడమే. నౌకర్లు ఉన్న కోటీశ్వరులకే చెల్లే ముచ్చట అది. 1908లో మా పక్కనే ఉన్న జెర్సీ సిటీకి వెళ్ళే తాగునీళ్ళలో డాక్టర్ జాన్ లీల్ క్లోరిన్ మందు కలిపించాడు. అమెరికాలో ఒక నగరం మొత్తానికి అలా నిరంతరాయంగా కలపడం అదే మొదలు. రెండేళ్ళకి బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని ఈతకొలనుకి కూడా ఆ మందు చేరింది. దానికి వడపోత యంత్రాలు తోడయ్యాక అవే నీళ్ళని ఏళ్ళ తరబడి వాడుకోవడం కుదిరింది.

పైగా ఇప్పుడు ఖాళీ చేస్తే ప్రమాదం కూడానూ. ఖాళీ గిన్నెని నీళ్ళ తొట్లో నొక్కి వదిలితే పైకి తన్నుకొస్తుంది కదా? భూమిలో ఊట ఎక్కువైతే ఖాళీ కొలనూ అలాగే పైకి లేస్తుంది, పగుళ్ళిస్తుంది. అందుకే నీళ్ళ బరువుని లోపలే ఉంచుతారు. అసలు భయం పైపుల గురించి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపుకి ఆ చోటు ఎక్కడిది? అందుకని నీటిమట్టం కాస్త దించి, పైపుల్లో నీళ్ళు గాలితో తోసేసి, రబ్బరు బిరడాలు బిగిస్తాం. పంపులో, ఫిల్టర్‌లో చుక్క లేకుండా వంపేస్తాం. నిచ్చెన తీసి గరాజ్‌లో పెడతాం. చివరగా కవర్.

ఈ కవర్ దగ్గర మాత్రం నేను రాజీ పడను. ఊరికే పరిచి అంచుల మీద బరువులు పెట్టే తార్పాలిన్ అయితే, దాని మీద అడుగేసిన పసిపిల్ల దాంతోపాటే మునుగుతుంది. 1991లో వచ్చిన ప్రమాణం ప్రకారం సేఫ్టీ కవర్ అనిపించుకోవాలంటే ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక పిల్లా కలిసి ఎంత బరువుంటారో అంతా ఆగాలి. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్ని ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా బలితీసుకునేది నీళ్ళే. మరి ఖరీదు చూసుకుంటామా?

కవర్ బిగిస్తుంటే మా అమ్మాయి అడిగింది, “అమ్మా, అందరూ కలిసి ఒక పెద్ద పూల్ కట్టుకోవచ్చుగా, ఇంటికొకటి ఎందుకు?” అని. కట్టుకున్నారు తల్లీ, అని చెప్పాను. 1920, 30లలో నగరాలు వేలమంది పట్టే కొలనులు కట్టాయి. వాటిల్లోకి నల్లజాతివాళ్ళనీ రానివ్వాలని కోర్టులు చెప్పడం మొదలుపెట్టాక కొన్ని నగరాలు కొలనులనే మూసేశాయి. అలబామాలోని మాంట్‌గోమరీ 1959లో తన పార్కులన్నీ మూసేసి, ఓక్ పార్కు కొలనుని మట్టితో పూడ్చేసింది. మిసిసిపీలోని జాక్సన్ కూడా తన కొలనులు మూసేస్తే, అది చెల్లుతుందని 1971లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. మేం చేసేది ఆరునెలల మూత. వాళ్ళు వేసింది మళ్ళీ తెరవని మూత.

డబ్బున్న తెల్లవాళ్ళు ప్రైవేటు క్లబ్బులకీ, సొంత పెరటి కొలనులకీ తరలిపోయారని చరిత్రకారుడు జెఫ్ విల్ట్సీ రాశాడు. ఆయన లెక్క ప్రకారం 1950లో భూమిలో తవ్వి కట్టిన కొలను సుమారు 2,500 కుటుంబాలకే ఉండేది. 1999కి అలాంటి కుటుంబాలు 40 లక్షలయ్యాయి. శివారు ఇళ్ళూ, చేతిలో ఆడిన డబ్బూ కూడా కారణాలే అనుకోండి. కానీ మా పెరట్లో ఉన్నదానికి ఈ చరిత్ర కూడా ఉంది.

“మరి ఆ పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారు?” అంది. చాలామంది నేర్చుకోలేదు. ఈత రాని తల్లి పిల్లల్ని నీళ్ళ దగ్గరికి వెళ్ళనివ్వదు, వాళ్ళకీ రాదు. ఈనాటికీ ఈతకొలనుల్లో మునిగిపోయే పిల్లల్లో నల్లజాతివాళ్ళ రేటు తెల్లపిల్లలకంటే చాలా ఎక్కువ.

అది వింటూ మా అత్తగారు, “మన సంగతి మాత్రం ఏం బావుంది? కాలవలో ఈదింది మగపిల్లలేగా! మేం గట్టున బట్టలుతికాం” అన్నారు. నిజమే. ఆవిడకి రాదు, మా అమ్మకి రాదు, నాకూ రాదు. మా అమ్మాయి లోతు వైపు వెళ్తే నేను గట్టు మీద కూర్చుని అరవడమే తప్ప దూకలేను.

మా కొలను ఇక మే నెల దాకా తెరవం. ఊళ్ళో అందరికీ కలిపి ఉన్న ఇండోర్ పూల్‌లో మాత్రం చలికాలమంతా పెద్దవాళ్ళకి ఈత నేర్పుతారు. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరింటికి. పేరు ఇచ్చేశాను. ఆ రెండు రోజులూ వంట మావారిది.