మన బడి నాడు–నేడు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల భవనాలను బాగుచేసేందుకు 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన కార్యక్రమం. పనులను గుత్తేదారుకు కాక తల్లిదండ్రుల కమిటీకి అప్పగించడం దీని ప్రత్యేకత. అసలు బలమూ అదే. నీటి వసతి గల మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ప్రహరీ గోడ వంటివి ఇందులో చేరాయి.

ఇంజనీరు పాఠశాలను చూసి అంచనా తయారుచేసేవాడు. మంజూరైన సొమ్ము కమిటీ ఖాతాలో పడేది. ఇసుక, ఇటుక, కూలీల ఏర్పాటు కమిటీ చూసుకునేది. బల్లలు, ఫ్యాన్ల వంటివి రాష్ట్రస్థాయిలో కొనేవారు. తమ పిల్లలు కూర్చునే గది కాబట్టి తల్లిదండ్రులకు పని నాణ్యతపై సహజంగానే పట్టింపు ఉంటుంది. అయితే కంటికి కనిపించని లోపాలను పట్టడానికి ఇంజనీరు తప్పనిసరి. ఉదాహరణకు, మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలి, మిశ్రమ సిమెంటైతే 10 రోజులు. పాత కప్పు కారుతుంటే రంగు వేయకముందే కారణం వెతికి సరిచేయాలి.

కట్టాక చూసుకునే దిక్కులేక మరుగుదొడ్లు పాడవడం పాత అనుభవం. అందుకే వాటికి ప్రత్యేక నిర్వహణ నిధి ఏర్పాటైంది. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మ ఒడి సాయం నుంచి మినహాయించిన 1,000 రూపాయలు దానికి జమయ్యేవి.