స్టెరాయిడ్ సూది వేసిన చోట తెల్లమచ్చ: బొల్లి అని భయపడవద్దు

మణికట్టు నొప్పికి, ఉబ్బిన గాయపు మచ్చకు, పేనుకొరుకుడుకు వైద్యులు స్టెరాయిడ్ సూదిమందు ఇవ్వడం సర్వసాధారణం. బాధ తగ్గుతుంది. కొందరిలో మాత్రం ఒకటి నుంచి నాలుగు నెలల తరువాత సూది గుచ్చిన చోట చర్మం తెల్లబారి, పలుచబడి, గుంటపడుతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. పూరీ గేట్ వంటి పేటలలో, పనిముట్టు పట్టే చేతులకైనా, పసిబిడ్డను ఎత్తుకునే తల్లులకైనా బొటనవేలి మొదట్లో నొప్పి రావచ్చు. 1895లో దీనిని వర్ణించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుని పేరిట దీన్ని డి కెర్వెయిన్ వ్యాధి అంటారు. ఆ చోట చర్మం పలుచన, కింద కొవ్వు స్వల్పం. ట్రయామ్సినలోన్ వంటి, త్వరగా కరగని మందు పైపొరల్లోకి చేరితే కొవ్వు కరుగుతుంది, రంగునిచ్చే కణాల పని మందగిస్తుంది. ఒక్కొక్కసారి తెలుపు చారలా ముంజేతి పైకి పాకుతుంది. చామనచాయ, నల్లని మేనులపై ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఆ తరువాతనే. బొల్లి వచ్చిందని, కుష్ఠు అని ఇరుగుపొరుగు అనుమానిస్తారు. పెండ్లి కావలసిన పిల్లకైతే ఆ మాట చాలు. సూది మచ్చ ఆ చోటికో, దాని చుట్టుపక్కలకో పరిమితమవుతుంది, స్పర్శ పోదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. బొల్లిలో గుంట ఉండదు. నిర్ధారణ మాత్రం చర్మవైద్యుడే చేయాలి.

ప్రధాన చికిత్స ఓపికే. చాలామందిలో ఒకటి రెండేళ్లలో రంగు, నిండుతనం చాలావరకు తిరిగి వస్తాయి. ఆలస్యమైతే వారానికొకసారి ఉప్పునీటి సెలైన్‌ను ఆ చోట ఎక్కించే పద్ధతి ఉంది. చిన్న అధ్యయనాలలో మేలు కనిపించింది. గుంట మిగిలిపోతే శరీరంలోని మరొక చోటి నుంచి తీసిన కొవ్వు నింపుతారు. ఎర్రని సన్నని రక్తనాళాలు తేలితే లేజర్ ఉపయోగిస్తారు.

బొల్లి అనుకొని దుకాణంలో స్టెరాయిడ్ పూతమందు కొని రాయడం మాత్రం పెద్ద పొరపాటు. పలుచబడిన చర్మం మరింత పలుచబడుతుంది. సూది వేసిన చోట వేడి, వాపు, చీము, జ్వరం ఉంటే అది వేరే సంగతి: వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరోసారి సూది అవసరమైతే పాత మచ్చను వైద్యునికి చూపాలి. మోతాదు తగ్గించడం, హైడ్రోకార్టిసోన్ వంటి త్వరగా కరిగే మందును ఎంచుకోవడం, అల్ట్రాసౌండ్ సాయంతో సరైన లోతుకు గుచ్చడం అప్పుడు వైద్యుని చేతిలో ఉంటాయి.