మెథోట్రెక్సేట్

మెథోట్రెక్సేట్ క్యాన్సర్ చికిత్సలో వాడే ఒక ఔషధము. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాలలో ఇది ఒకటి. అదే కోవకు చెందిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచవచ్చునని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు.

కణాల విభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దాని వినియోగాన్ని ఈ మందు అడ్డుకొంటుంది. అయితే క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జ, నోరు, పేగుల కణాలు కూడా దెబ్బతింటాయి.

అధిక మోతాదు

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లోను, కొన్ని లింఫోమాలలోను శరీర ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకు 500 మి.గ్రా. లేదా అంతకు మించి సిర ద్వారా ఎక్కిస్తారు. విరుగుడు లేకపోతే ఇది ప్రాణాంతకం. అందుచేత మందు మొదలుపెట్టిన సుమారు 24 గంటలకు ల్యూకోవోరిన్ ఆరంభించి, రక్తంలో మందు సురక్షిత స్థాయికి తగ్గేవరకు కొనసాగిస్తారు. విశేషమేమంటే ఈ విరుగుడు కూడా ఫోలిక్ ఆమ్లానికి మరొక రూపమే.

ఆమ్ల మూత్రంలో మందు స్ఫటికాలుగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కనుక సెలైను, సోడియం బైకార్బొనేటు ఎక్కించి మూత్రాన్ని క్షారంగా ఉంచుతారు. వ్యాధి ముదిరి పొట్టలో గాని, ఊపిరితిత్తుల చుట్టూ గాని నీరు చేరితే మందు అందులో నిలిచి, మెల్లగా రక్తంలోకి తిరిగి వస్తుంది. అటువంటి నీటిని వీలైతే ముందుగానే తీసివేస్తారు. ఐబుప్రొఫేన్ వంటి నొప్పి మాత్రలు సైతం మందు విసర్జనను తగ్గించగలవు. ఇంట్లో ఉన్నది కదా అని వేసుకొన్న మాత్ర కూడా ప్రమాదం తేవచ్చును.