సీతమ్మ కట్టింది నారచీరేనా?

పర్ణశాల చూసొచ్చినవాళ్ళకి ఆ బండలు గుర్తుండే ఉంటాయి. భద్రాచలం నుంచి 35 కిలోమీటర్లు వెళ్తే, దుమ్ముగూడెం మండలంలో గోదారి ఒడ్డున ఉంటుంది ఊరు. సీతవాగు దగ్గర రాళ్ళమీద రంగు చారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న గుర్తులివి అంటారు. పసుపు, కుంకుమ రాళ్ళు కూడా అక్కడే.

నాకు చీరల పిచ్చి. కోడింగ్ చేసే ఉద్యోగమైనా ఆఫీసుకి చీరే. కొత్తది కొన్నప్పుడల్లా "సీతమ్మ పద్నాలుగేళ్ళు నారచీరతో గడిపింది, నీకు బీరువా చాలట్లేదా" అనేవాళ్ళు ఎవరో ఒకరుంటారు. నిజంగా గడిపిందా? వాల్మీకి రామాయణం తిరగేస్తే కథ వేరేగా ఉంది.

అయోధ్యకాండలో కైక తెచ్చిచ్చిన నారబట్టల్ని రామలక్ష్మణులు వెంటనే కట్టేసుకున్నారు. పట్టుబట్టలో ఉన్న సీతకి మాత్రం ఎలా కట్టుకోవాలో తెలీలేదు. ఒకటి మెడ మీద వేసుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని సిగ్గుపడుతూ నిలబడిపోయింది. రాముడే వచ్చి ఆ పట్టుబట్ట మీదే కట్టాడు. వశిష్ఠుడు ఊరుకోలేదు. నువ్వు అడిగిన వరాల్లో సీత ఊసెక్కడుందని కైకని నిలదీశాడు. దశరథుడైతే అన్నేళ్ళకీ లెక్కకట్టి, ఖరీదైన బట్టలూ నగలూ కోశాగారం నుంచి తెప్పించి ఇచ్చాడు. దారిలో అనసూయ మరో వస్త్రం పెట్టింది. రావణుడు ఎత్తుకుపోతున్నప్పుడు కొండమీద వానరుల్ని చూసి సీత జారవిడిచిన నగల మూట కూడా బంగారు రంగు పట్టు ఉత్తరీయమే!

ఇంకో తమాషా. సంస్కృతంలో చీరమంటే నారబట్ట, చింకి పేలిక. మన చీర ఆ మాట నుంచి వచ్చిందే అంటారు. అంటే కంచిపట్టుకి కూడా మనం పెట్టుకున్నది నారబట్ట పేరే.

అలాగని పర్ణశాల కథని కొట్టిపారేయను. ఆ చారలు రాతిలోని రంగులే కావచ్చు. కానీ ఆ కథ చెప్పుకున్నవాళ్ళు రాముడి బాణంతో ఆగకుండా, సీతమ్మ బట్టలు ఉతుక్కుని ఆరేసుకున్న చోటుని కూడా గుర్తుపెట్టుకున్నారు. మన చరిత్ర పుస్తకాల్లో రాజుల యుద్ధాలుంటాయి గానీ, ఒక ఆడమనిషి బట్టలారేసుకున్న బండ ఎక్కడుంది చెప్పండి? నాకైతే ఆ కథ అందుకే ఇష్టం.

నచ్చనిదల్లా ఆ నారచీరని తెచ్చి మా మెడకి చుట్టడం. అరణ్యవాసం రాముడి ప్రతిజ్ఞ. సీత తోడు వెళ్ళింది, అంతే. ఆమె నారబట్ట కట్టాలని మామగారూ కోరలేదు, కులగురువూ కోరలేదు. ఈసారి నా బీరువా చూసి సీతమ్మ పేరెత్తేవాళ్ళకి అయోధ్యకాండ 37, 39 సర్గలు చదివి రమ్మని చెప్తాను.