వలయములు లేని వల

రెండు ఊళ్ళ మధ్య ఒక దారికి బదులు రెండు దారులున్నచో మేలే గాని కీడు లేదు. ఒకటి వరదలో తెగినను రెండవదాని మీదుగా బండ్లు నడుచును. కంప్యూటర్లను కలుపు తీగల విషయములో మాత్రము ఆ రెండవ దారియే ఒక్కొక్కప్పుడు మొత్తము రాకపోకలను స్తంభింపజేయును. ఈ చిక్కును విడదీయుటకు గణితశాస్త్రములోని ఒక పాత భావము అక్కరకు వచ్చినది.

ఆ భావము పేరు 'చెట్టు'. కొన్ని బిందువులను గీతలతో కలిపినప్పుడు, ఏ రెండు బిందువుల మధ్యనైనను ఒకే ఒక దారి ఉండి, ఎక్కడను వలయము ఏర్పడనిచో ఆ ఆకృతిని గణితజ్ఞులు చెట్టు అందురు. 1847లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కిర్కాఫ్ విద్యుత్ ప్రవాహమును గూర్చి విచారించుచు ఇట్టి ఆకృతులను ఉపయోగించెను. 1857లో ఆంగ్ల గణితజ్ఞుడు కేలీ వాటికి చెట్లను పేరు వాడెను. 1926లో చెకోస్లోవేకియాలో బొరూవ్కా మొరేవియా ప్రాంతపు ఊళ్ళకు అతి తక్కువ తీగతో విద్యుత్తు నందించు సమస్యకు పరిష్కారము ప్రచురించెను. అతడు వెదకినదియు చెట్టే. ఉన్న బిందువులన్నిటిని కలుపు చెట్టును 'స్పానింగ్ ట్రీ' అందురు.

ఇక కంప్యూటర్ల సంగతి. ఇచ్చట స్విచ్చి అనగా దీపము వెలిగించు మీట కాదు. పలు తీగలు వచ్చి చేరు పెట్టె. అందరికిని ఉద్దేశించిన సందేశము వచ్చినచో స్విచ్చి దానిని, వచ్చిన తీగను విడిచి, తక్కిన తీగలన్నిటి మీదను పంపును. 1973లో పుట్టిన ఈథర్‌నెట్ పద్ధతిలో 'ఇన్ని మజిలీల పిదప ఈ సందేశము నశింపవలెను' అను గుర్తు లేదు. నాలుగు స్విచ్చులను ప్రతి రెండింటి మధ్యను ఒక తీగ ఉండునట్లు కలిపినామనుకొందము. ఒక స్విచ్చినుండి 3 ప్రతులు బయలుదేరును. వాటిని అందుకొన్న ప్రతి స్విచ్చియు తలకు రెండేసి పంపును. 3 ప్రతులు 6 అగును, 6 పన్నెండగును. పది మారులు రెట్టింపైన పిమ్మట 3,072! క్షణములో తీగలు నిండిపోవును.

అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థలో పనిచేయుచుండిన రేడియా పెర్ల్‌మన్ ఈ సమస్యకు ఉపాయము కనిపెట్టెను. ఆమె వ్యాసము 1985లో వెలువడినది. 1990లో అది ప్రమాణములలో చేరినది. ఇందులో అధికారి యెవరును లేరు. ప్రతి స్విచ్చికిని ఒక సంఖ్య ఉండును. స్విచ్చులన్నియు తమ సంఖ్యలను ఇరుగుపొరుగులకు చాటును. అన్నిటికంటె చిన్న సంఖ్య గలది 'వేరు' అగును. తక్కినవి వేరును చేరుటకు అతి తక్కువ ఖర్చుగల దారిని ఎంచుకొని, వలయము కల్పించు తీగలను ఒక కొస మూసివేయును. మన నాలుగు స్విచ్చుల వలలో 6 తీగలకు 3 మాత్రమే పనిచేయును. మూసిన తీగ తెగినది కాదు; వాడుకలోని దారి చెడినప్పుడు అది తెరువబడును.

అయితే వేరు ఏది కావలెనో స్విచ్చులకు తెలియదు. ఆ సంఖ్యలో మొదటి భాగము ప్రాధాన్యము. మనము మార్చనిచో అది సామాన్యముగా అన్నిటికిని 32,768. అప్పుడు కార్ఖానాలో ఇచ్చిన చిరునామాను బట్టి పోటీ తేలును. మూల గదిలోని పాత పెట్టెయే వేరై, సంస్థలోని రాకపోకలన్నియు దాని గుండా నడువవచ్చును. కావున తెలిసినవారు నడుమనున్న శక్తిమంతమైన స్విచ్చికి 4,096, దానికి తోడుగా నిలుచు వేరొకదానికి 8,192 అని తామే నిర్ణయింతురు. మామూలు కంప్యూటరు తగిలించు రంధ్రమునుండి ఇట్టి చాటింపు వచ్చినచో ఆ రంధ్రము మూసుకొనునట్లును అమర్తురు.

ఈ శ్రద్ధ ఎంత అవసరమో 2002 నవంబరులో బోస్టన్ నగరమందలి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రములో తెలియవచ్చినది. ఈ పద్ధతిలో వేరు 2 సెకండ్ల కొకమారు తన ఉనికిని చాటును. 20 సెకండ్లు ఆ వార్త రానిచో దారి తెగినదని స్విచ్చి భావించును. ఈ గడువులు 7 మజిలీలకు మించని వలను దృష్టిలో నుంచుకొని లెక్కించినవి. ఆసుపత్రి వల ఏండ్ల తరబడి పెరిగి ఆ హద్దు దాటినది. ఒక పరిశోధకుని పనివలన విపరీతమైన సమాచారము ప్రవహించుటతో వల కూలినది. తీగలు నిండి వార్త అందనప్పుడు స్విచ్చి మూసిన దారిని తెరచును. దానితో వలయము ఏర్పడి రద్దీ ఇంకను హెచ్చును. సుమారు నాలుగు దినములు వైద్యులు, నర్సులు పరీక్షల ఫలితములను, మందుల చీటీలను కాగితములపై నడుపుకొనవలసి వచ్చినది.

దారి మార్చుటకు పాత పద్ధతికి 30 మొదలు 50 సెకండ్లు పట్టెడిది. 2001లో వచ్చిన సవరణ ఆ కాలమును మిక్కిలి తగ్గించినది. ఐనను వేరును ఎంచుట, వల హద్దును కనిపెట్టియుండుట నేటికిని మనుష్యుల పనియే.

ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చూపవచ్చును. నాలుగు బిందువులు, ఆరు గీతలు గీయుడు. బిందువులకు సంఖ్యలిచ్చి, చిన్నదానిని వేరుగా తీసికొని, దానిని తాకు గీతలను మాత్రము ఉంచుడు. సంఖ్యలను మార్చినచో చెట్టు మారును. నాలుగు బిందువులను కలుపు చెట్లు మొత్తము 16 అని కేలీ 1889లో ఇచ్చిన సూత్రము తెలుపుచున్నది. ఆ పదహారింటిని విద్యార్థులు తామే గీసి చూడవచ్చును.